కామాక్షయ్య వంతు

సూళ్లూరుపేట చేపల బజారులో గురువారం నాడు ఈగలు ఎక్కువ, బేరాలు తక్కువ. ఊళ్లో సగం మంది ఆ రోజు నీచు ముట్టరు. రోజారమణి చేపల బుట్ట ముందు కూర్చుని పాతికేళ్ల పాటు గురువారాన్ని తిట్టుకుంది. ఆరేళ్లుగా మాత్రం తిట్టడం మానేసింది. గురువారం ఇప్పుడు ఆమెకు ఆశ్రమం రోజు.

అదెలా మొదలైందంటే, సుభాషిణి టీచరు అని ఆమెకొక పాత బేరం ఉండేది. వారం వారం వచ్చి, "ఇది నిన్నటి చేప కాదని ఒట్టు వెయ్యి" అని సతాయించి మరీ కొనేది. ఒక నెల కనబడలేదు. ఆరా తీస్తే, బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగిందనీ, ఇల్లు అద్దెకిచ్చేసి ఊరి చివర వృద్ధాశ్రమంలో చేరిందనీ తెలిసింది. మరుసటి గురువారం రోజారమణి టిఫిన్ క్యారియర్‌లో చేపల పులుసు పట్టుకుని ఆ గేటు ముందు దిగింది.

మేనేజరు హరినాథ్ అడ్డం నిలబడ్డాడు. "నీచు లోపలికి రాకూడదమ్మా. రూలు."

"లోపలుండేవోళ్లను అడిగే పెట్టినారా సార్ ఆ రూలు?"

అడగలేదు. అడిగితే పందొమ్మిది మందిలో పదకొండు చేతులు లేచాయి. అందులో రెండు చేతులు పుట్టి బుద్ధెరిగి చేప వాసన చూడని ఇళ్లవి. వాటి యజమానుల పేర్లు ఇక్కడ చెప్పడం మర్యాద కాదు.

అప్పటి నుంచి ఆమె రాకకు అడ్డు లేదు. ఆశ్రమానికి ఇంకా చాలామంది వస్తారు. పుట్టినరోజులకు అరటిపళ్లు పంచి, ముసలివాళ్ల భుజాల మీద చేతులు వేసి ఫోటోలు దిగి వెళ్తారు. రోజారమణి పళ్లు తేదు, ఫోటో దిగదు. కూర్చోగానే పోట్లాట పెట్టుకుంటుంది. ఒకాయనతో చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడని, ఒకామెతో సీరియల్లో కోడలిదే తప్పని. పాపం అనేవాళ్లు వీళ్లకు కావలసినంత మంది ఉన్నారు, ఎదురు మాట్లాడేవాళ్లే కరువని ఆమె నమ్మకం. ఎంత మొండి మనిషినైనా మూడు వారాల్లో నోరు విప్పిస్తానని హరినాథ్‌తో పందెం కాసేది. ఏనాడూ ఓడిపోలేదు. ఆ గర్వం ఆమె నడకలో కనిపించేది, దాచుకోవాలని కూడా అనుకునేది కాదు.

అలాంటి మనిషికి కామాక్షయ్య తగిలాడు.

డెబ్బై ఆరేళ్లవాడు. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పంలో, అంటే జాలర్ల పల్లెలో, వలలు వేసుకుని బతికినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కాలు విరిగి పెద్దాసుపత్రిలో నెలరోజులు పడి ఉంటే, తీసుకుపోయే మనిషి లేక ఆసుపత్రివాళ్లే ఇక్కడికి పంపారు. కాలు అతుక్కుంది కానీ నోరు తెరుచుకోలేదు. కిటికీ దగ్గర కూర్చునేవాడు. బీపీ మాత్ర ఇస్తే బుగ్గలో పెట్టుకుని, నర్సు అటు తిరగగానే ఊసేసేవాడు.

మొదటి వారం రోజారమణి, "ఏం పెద్దాయనా, కిటికీలో సినిమా ఏమన్నా ఆడతా ఉండాదా?" అంది. జవాబు లేదు. రెండో వారమూ లేదు. మూడో వారం ఆమె మంచినీళ్ల గ్లాసు అందించబోతే, ఆ చేతిని ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూశాడు.

"చెరువు రొయ్యలమ్ముకునే దానికి ఇంత నోరు దేనికమ్మే?"

"నావి చెరువు రొయ్యలని ఎవురు చెప్పినారు నీకు?"

"నీ చెయ్యి చెప్పింది. మేత వాసన."

రోజారమణికి ఒళ్లు మండింది, ఎందుకంటే అది నిజం. సరస్సుకూ సముద్రానికీ మధ్య నీళ్లు మారే మొగ దగ్గర పట్టిన రొయ్యలు ఇప్పుడు బజారుకు రావడమే తక్కువ. అందరూ చెరువుల్లో మేత వేసి పెంచినవే అమ్ముతున్నారు. అయినా ఆ సాయంత్రం ఆమె గేటు దాటుతూ హరినాథ్ వైపు మూడు వేళ్లు చూపించి మరీ వెళ్లింది. ఆ రోజు నుంచి ముసలాయనకూ ఆమెకూ ప్రతి గురువారం ఒక గంట యుద్ధం. వాళ్లిద్దరూ ఒకరికొకరు అలవాటైపోయారు.

ఆ స్నేహం కుదిరిన నెలలోనే ఆయన గేటు దాటి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున పంచె ఎగ్గట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, కుంటుకుంటూ హైవే వైపు నడిచేవాడు. లారీలు పోయే దారి. మూడుసార్లు పట్టుకొచ్చారు. ఎందుకు వెళ్లావంటే చెప్పడు.

"మతి పోతా ఉందమ్మా ఆయనకి," అన్నాడు హరినాథ్. అతను చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "ఇంకోసారి పోయినాడంటే చెన్నైలో తాళాలేసి చూసుకునే చోటుంది, అక్కడికి పంపించేస్తాను. రేపు లారీ కింద పడితే ఎవరు జవాబు చెప్తారు?"

తాళం వేసిన గదిలో కామాక్షయ్య ఎన్నాళ్లు బతుకుతాడో రోజారమణికి లెక్క అక్కర్లేదు. నెల తిరగదు.

సుభాషిణి టీచరే ఆధారం ఇచ్చింది. మంచం పక్కన క్యాలెండరులో ఆయన వెళ్లిన తేదీలకు పెన్సిలుతో సున్నాలు చుట్టి పెట్టింది. నాలుగు, పదమూడు, ఇరవై రెండు.

"తొమ్మిదేసి రోజులకు మతి పోతుందా ఎవరికైనా?" అంది టీచరు.

రోజారమణి ఆ సున్నాలు చూస్తూ నిలబడిపోయింది. ఆమెదీ ఒక కుప్పమే. మొగ దగ్గర వల కట్టే మంచి తావులు కొన్నే ఉంటాయి, ఇళ్లు చాలా ఉంటాయి. అందుకని కుప్పంలో ఇంటికొక వంతు, ఇన్ని రోజులకొకసారని. ఎవరి వంతు రోజున వాళ్లు తెల్లారేలోపు వల కట్టే గుంజ దగ్గర నిలబడాలి. కొడుకులు లేని ఆమె తండ్రి చనిపోయినప్పుడు ఆ ఇంటి వంతు పక్కింటికి పోయింది. ఆడపిల్ల పేరు ఎవరూ రాయలేదు. ఆ మరుసటి నెలే తల్లి ఆమె నెత్తికి చేపల బుట్ట ఎత్తింది.

"ఆయనకి మతి పోలేదు సార్," అంది హరినాథ్‌తో. "వంతుకు పోతా ఉండాడు. మళ్లీ ముప్పై ఒకటో తారీకు బయల్దేరతాడు. నేను గేటు కాడుంటా. కాకపోతే నా పేరు మార్చి పిలవండి."

ముప్పై ఒకటిన నాలుగింటికే వచ్చి గేటు దగ్గర స్టూలు వేసుకుంది. వంటమనిషి, వాచ్‌మన్, హరినాథ్, అందరూ కాపలా. తూర్పు తెల్లబడింది. కాకులు లేచాయి. కామాక్షయ్య ఏడింటికి లేచి, వేపపుల్ల నములుతూ వరండాలోకి వచ్చి, గుంపుగా నిలబడ్డ వీళ్లందరినీ వింతగా చూసి, కాఫీ అడిగాడు.

హరినాథ్ వంటమనిషికి కాఫీ పెట్టమని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఆమెకు ఇంత మండేది కాదు.

మర్నాడు, ఒకటో తారీకున, అందరూ నిద్రలో ఉండగా కామాక్షయ్య వెళ్లిపోయాడు. రోజారమణి భర్త మస్తానయ్య ఆటో డ్రైవరు. స్టేషనుకు పోతూ హైవే పక్కన మోకాలు చీరుకుని కూర్చున్న మనిషిని గుర్తుపట్టి, ఎక్కించుకొచ్చాడు. హరినాథ్ అప్పటికే చెన్నైకి ఫోను చేసేశాడు. రోజారమణి బజారు వదిలేసి పరుగెత్తుకొచ్చి, బతిమాలి, గొడవపడి, చివరికి పదో తారీకు దాకా గడువు సంపాదించింది. బండి పదో తారీకు పదింటికి వస్తుంది. అంతవరకే.

ఆయన మోకాలికి పసుపు రాస్తూ సూటిగా అడిగింది. "తొమ్మిదో రోజు నిన్న కదా. నిన్న ఎందుకు పోలేదు నువ్వు?"

కామాక్షయ్య ఆమెను జాలిగా చూశాడు. "మధ్యన పున్నమొచ్చింది గదమ్మే. పున్నమినాడు గంగమ్మకి మొక్కుతాం, వల కట్టం. వంతు ఒకరోజు జరగతాది. ఏ కుప్పం నీది?"

ఆమె కుప్పంలో పున్నమికి సెలవు లేదు, అమావాస్యకు లేదు, ఏడాదికి జాతర నాడొక్కటే. ఊరూరికీ ఒక ఆచారమని తెలిసి కూడా తన కుప్పం లెక్కే లోకమంతా నడుస్తుందనుకుంది. సిగ్గేసింది.

"అయినా అంత దూరం నడవలేవని నీకు తెలుసు గదా. ఎందుకు బయల్దేరతావు?"

"వంతుకు రానోడి పేరు అయిదో తూరికి తీసేస్తారు. బయల్దేరి దారిలో ఆగిపోయినోడి పేరు తియ్యరు." తువ్వాలు మడతపెట్టుకున్నాడు. "మా తాత పేరు మీదొచ్చిన వంతది. పడుకుని పోగొట్టుకోమంటావా?"

రోజారమణి మరుసటి రోజే మస్తానయ్య ఆటోలో ఆయన కుప్పానికి బయల్దేరింది. పదిహేను కిలోమీటర్లు. కుప్పం పెద్ద పద్మనాభయ్య వల అల్లుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"కాలు విరిగినందుకు రెండు నెలలు మాఫీ ఇచ్చినాం. ఆ మీదట నాలుగు వంతులు పోయినాయి కామాక్షయ్యవి," అన్నాడు తల ఎత్తకుండానే. "కబురు లేదు. ఈ పదో తారీకు పేరు తీసేస్తా ఉండాం."

"నాలుగు తూర్లూ బయల్దేరినాడన్నా. కుంటుకుంటా. ఒకటో తారీకున రోడ్డు మీంచి ఎత్తుకొచ్చినోడు ఈయనే," అంటూ మొగుణ్ని ముందుకు తోసింది. "కబురు చెప్పే దిక్కు లేక మీకు తెలవలా. ఇప్పుడు నేను చెప్తా ఉండా."

పద్మనాభయ్య చేతిలో దారం ఆగింది. కుప్పంలో ఒక్కరు కూడా ఆసుపత్రి తర్వాత ఏమయ్యాడని అడగలేదన్న సంగతి అప్పుడు ఆయనకే తట్టినట్టుంది.

"ఆ నాలుగూ బయల్దేరినట్టే," అన్నాడు చివరికి. "కానీ ఇంక రాలేని మనిషి తన బదులు ఒకరిని నిలబెట్టాల. ఆయన నోటితో ఆయనే చెప్పాల. నేనే వస్తాలే."

పదో తారీకు తెల్లవారుజామున కామాక్షయ్య పంచె ఎగ్గట్టి గేటు దగ్గరికి వచ్చేసరికి, అక్కడ బెంచీ మీద పద్మనాభయ్య, ఒళ్లో తమలపాకులు. పక్కన రోజారమణి. కాస్త దూరంలో హరినాథ్. ముసలాయన అడుగు ఆగిపోయింది. పేరు తీసేయడానికే వచ్చారనుకున్నాడు.

"కామాక్షయ్యా," అన్నాడు పద్మనాభయ్య, "నీ వంతుకు ఎవురిని నిలబెడతా ఉండావు?"

కామాక్షయ్య గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. భార్య తరఫువాళ్లలో ఎవరో ఒకరి పేరు చెబుతాడని రోజారమణి ఎదురుచూస్తోంది. ఆయన గడ్డం ఎత్తి ఆమెను చూపించాడు.

"ఈ చెరువు రొయ్యలదాన్ని."

"ఆడమనిషిరా! మన కుప్పం కూడా కాదు."

"నాలుగు తూర్లు నేను రోడ్డున పడితే మన కుప్పంలో మగోళ్లంతా యాడుండారు? కబురు మోసింది ఇదే గదా. వంతు నాది. నిలబెట్టేది నేను."

పద్మనాభయ్య ఆకులు చేతిలో తిప్పాడు, ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి లేచి ఆ తాంబూలం కామాక్షయ్య చేతికిచ్చాడు, కామాక్షయ్య రోజారమణి చేతిలో పెట్టాడు. "పేరు ఆయనదే. ఆయన బతికున్నన్నాళ్లే నువ్వు నిలబడేది," అన్నాడు పద్మనాభయ్య గట్టిగా, కనీసం ఆ మాటైనా తనదిగా ఉండాలని.

ఆరేళ్లలో ఆ ఆశ్రమంలో రోజారమణి ఏడవడం ఎవరూ చూడలేదు, ఆ రోజు చూశారు. ముప్పై ఏళ్ల కిందట పక్కింటికి పోయిన వంతు గుర్తొచ్చింది, తండ్రి గుర్తొచ్చాడు. తమలపాకులు గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడస్తా నిలబడితే తెల్లారిపోద్ది!" అని కసిరాడు కామాక్షయ్య. "ఈరోజే గదా వంతు! ఇంకా అరగంటుండాది. పోండి!"

మస్తానయ్య ఆటో స్టార్ట్ చేశాడు. పద్మనాభయ్య, రోజారమణి ఎక్కారు. బండి కదిలాక కూడా వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది, "ఎడంపక్క గుంజ వదులుగా ఉంటాది, చూసి కట్టించు!" అని. బండి మలుపు తిరిగే దాకా చూసి, ఎవరూ పట్టుకోకుండానే ఆయన వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు. హరినాథ్ అది చూశాడు. తొమ్మిదింటికి చెన్నైకి ఫోను చేసి, బండి అక్కర్లేదన్నాడు.

మధ్యాహ్నం రోజారమణి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడి, జుట్టు నిండా ఉప్పుగాలి. తెల్లారేలోపు గుంజ పట్టుకుని నిలబడింది, కుప్పం మగవాళ్లు మూతులు ముడుచుకుంటూనే వల లాగారు. ఆమె వరండాలో కూర్చున్న కామాక్షయ్య ముక్కు ముందు అరచెయ్యి చాపింది.

ఆయన కళ్లు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

"మొగదే," అన్నాడు.

"వినపడిందా పద్మనాభయ్యన్న మాట? నువ్వుంటేనే నా వంతు. ఇంకనించి మాత్రలు ఊసినావంటే నాకు నష్టం, ఊరుకోను." నర్సు చేతిలోంచి మాత్ర, నీళ్ల గ్లాసు అందుకుంది. "తెరువు నోరు."

కామాక్షయ్య పెదాలు బిగించాడు. "ముందు చెప్పు. మళ్లీ వంతెప్పుడు?"

"పందొమ్మిదో తారీకు."

"ఆ తర్వాత?"

"ఇరవై ఎనిమిది," అనేసి, నాలిక కరుచుకుంది. టీచరు క్యాలెండరు వైపు చూడకుండానే వేళ్ల మీద లెక్కపెట్టింది. "కాదు, ఇరవై తొమ్మిది. మధ్యన పున్నముండాది."

కామాక్షయ్య నోరు తెరిచి, మాత్ర మింగాడు.