ఇంజనుకి ఉప్పుకాపడం

ఆ రోజుల్లో సైన్సు చదివినవాడికి తెలియనిదంటూ ఉండదని జనం నమ్మేవాళ్ళు. జనం సంగతేమో గానీ, నేను మాత్రం గట్టిగా నమ్మాను. బియ్యెస్సీ రెండో దండయాత్రలో గట్టెక్కి (మొదటి దండయాత్ర గురించి మా నాన్న ఊరంతా చెప్పారు కనక నేను మళ్ళీ చెప్పక్కర్లేదు) సూళ్లూరుపేట పక్కన ఒక హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా చేరాను. టెంపరరీ ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చి బాగుందంటే పర్మనెంటు, లేకపోతే పెట్టె సర్దుకుని చిట్టమూరులో మా వరిమళ్ళ గట్టు మీదికి. తనిఖీ రోజు సైన్సు ప్రదర్శన పెట్టాలి. ఏటేటా ఉప్పునీళ్ళలో తేలే కోడిగుడ్డునే చూపిస్తున్నామనీ, ఆ గుడ్డుని ఇన్‌స్పెక్టరు గారు గుర్తుపట్టే స్థితికి వచ్చారనీ హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో దిగులుపడుతుంటే, నా నోరు ఊరుకోలేదు. నా దగ్గర తనంతట తాను పరిగెత్తే కారుందని చెప్పేశాను.

కారు ఉన్నమాట నిజమే. మద్రాసు హార్బరులో పనిచేసే మా మేనమామకి, ఓడలో స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర ఇచ్చిపోయినది, ఆయన నాకిచ్చాడు. మూరెడు పొడుగు, లోపల నిమ్మకాయంత ఇంజను. స్పిరిటూ ఆముదమూ కలిపిన మందు ఉగ్గుగిన్నెడు పోసి, ఇంజను నెత్తిన ఉన్న సన్నటి తీగకి బ్యాటరీ తగిలించి ఎర్రబడనిచ్చి, చక్రానికి బొంగరానికి చుట్టినట్టు తాడు చుట్టి లాగితే చాలు. కారుని పొడుగాటి తీగతో ఒక గుంజకి కట్టేస్తే దాని చుట్టూ గానుగెద్దులా, కాకపోతే గానుగెద్దు కలలో కూడా ఎరగని వేగంతో తిరుగుతుంది. ఇదంతా మామయ్య మద్రాసులో ఒకసారి చేసి చూపించాడు. నా చేతుల్లో అది ఒక్కసారి కూడా తిరగలేదన్న సంగతి హెడ్మాస్టరు గారికి చెప్పడానికి సమయం కుదరలేదు.

పెట్టెలోంచి తీసి చూద్దును గదా, చక్రం కదలదు. ఏడాదిగా లోపల మిగిలిపోయిన ఆముదం బంక కట్టింది. కిరసనాయిలు పోశాను, ఎండలో పెట్టాను, ఆంజనేయుడికి మొక్కుకున్నాను. తనిఖీ రోజు పొద్దున చూస్తే ముసురు పట్టింది, పులికాటు సరస్సు మీంచి చలిగాలి. నేను అద్దెకున్న ఇంటి అవ్వ, మొగుడు పోయేదాకా ఆయనతో పడవెక్కి వలలు లాగిన మనిషి, అరుగు మీద నా అవస్థ చూసి ఏమయిందని అడిగింది. ఆముదం పోసిన ఇంజను బిగుసుకుపోయిందని చెప్పాను, ఆమెకి అర్థం కాదులే అన్న ధీమాతో.

“ఆముదం పోసి చలిలో పడేస్తే రొమ్ము పట్టకుండా ఎట్టా ఉంటాదబ్బయా? కాపడం పెట్టాల.”

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు. మూకుట్లో రాళ్ళుప్పు వేయించి, పాత చీరముక్కలో మూట కట్టి, కారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పసిబిడ్డ రొమ్ము మీద అద్దినట్టు ఇంజను మీద అద్దడం మొదలుపెట్టింది. నాలుగో మూటకి చక్రం వెన్నలా తిరిగింది. నేను ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, బియ్యెస్సీ గుర్తొచ్చి ఆగిపోయాను.

తీరా బడికి వెళ్ళేసరికి చలికి మళ్ళీ బిగుసుకుంది. అవ్వకి కబురంపితే కుంపటీ ఉప్పూ మూకుడూ పట్టుకుని తనే వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు గారు బడి మైదానంలోకి అడుగుపెట్టి చూసిన మొదటి దృశ్యం, కుంపటి ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్న ఒక ముసలమ్మ బొమ్మకారుకి కాపడం పెట్టడం. హెడ్మాస్టరు గారు నా వైపు చూసిన చూపులో నా పెట్టె సర్దేసి ఉంది.

నేను తాడు చుట్టి లాగాను. మూడోసారికి కారు కీచుమని అందుకుంది. పిల్లలు కేకలు. వెంటనే కాలిన ఆముదం వాసన మైదానమంతా కమ్మింది. అప్పట్లో నెలకో ఆదివారం పరగడుపున ఆముదం తాగని ప్రాణి మన వైపు లేదు కనక, ఆ కేకలు ఉన్నట్టుండి సగమయ్యాయి, డ్రిల్లు మాస్టరు పొట్ట పట్టుకున్నారు. కారు అయిదు చుట్లు అద్భుతంగా తిరిగింది. ఆరో చుట్టులో ఇసకనేలలో పాతిన గుంజ కాస్తా ఊడొచ్చింది. కారు గుంజని ఈడ్చుకుంటూ ప్రదర్శన బల్ల కిందికి దూరి, బల్లగుడ్డనీ దానితోపాటు గాజుసీసాలనీ కోడిగుడ్డునీ లాగేసి, వాననీళ్ళ గుంటలోకి దూకి చుయ్యిమని ఆరిపోయింది. అవ్వ ఒక్కతే వెళ్ళి దాన్ని నీళ్ళలోంచి తీసి పైటతో తుడిచింది.

ఇన్‌స్పెక్టరు గారు నన్ను పిలిచి, ఇంజనుని వేడి చెయ్యాలన్న ఆలోచన ఎవరిదని అడిగారు. ఉష్ణమూ వ్యాకోచమూ అని ఏదో మొదలుపెట్టబోయాను గానీ, పక్కన తడిసిన పైటతో నిలబడ్డ మనిషిని చూశాక నోరు రాలేదు. అవ్వదేనండీ అన్నాను. మీకెలా తెలిసిందమ్మా అని ఆమెనే అడిగారాయన.

“చలికాలం తలకి ఆముదం పెట్టుకోవాలంటే గిన్ని సెగన పెట్టమా సామీ? మీ ఇంట్లో ఆడోళ్ళు పెట్టరా?”

ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత పిల్లల్ని ఇంటికి పంపించేసి, ఇంకోసారి తిప్పగలరా అని మెల్లిగా అడిగారు. గుంజ నిలవదని నేను నసుగుతుంటే, హెడ్మాస్టరు గారు కండువా నడుముకి బిగించి, తీగ కొస నాకివ్వవయ్యా అన్నారు. అవ్వ మళ్ళీ కాపడం పెట్టింది. కారు కీచుమంది. అంతటి హెడ్మాస్టరు గారు (ఆయన నవ్వగా చూసినవాళ్ళు స్టాఫులో లేరు) తీగ రెండు చేతులా పట్టుకుని మైదానం మధ్యలో గిరగిరా తిరిగారు. మందు అయిపోయి కారు ఆగాక కూడా రెండు చుట్లు తిరిగి, తూలి, ఇసకలో కూలబడి, కళ్ళు మూసుకుని “మళ్ళీ పొయ్యి” అన్నారు. మూడుసార్లు పోశాను.

నా పర్మనెంటు ఆర్డరు వేసవి సెలవుల ముందు వచ్చింది. సైన్సుకి వచ్చిందో, ఆ తిరుగుడుకి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఆవేళ నేను హెడ్మాస్టరు గారిని ఇసకలోంచి లేవదీస్తూ, పాపం, ఈ వయసులో ఈ ముసలాయనకి ఎందుకొచ్చిన సరదా అనుకున్నాను. మొన్న ఊరికే కూర్చుని లెక్కేసుకుంటే తేలింది, ఆయనకప్పుడు నలభై అయిదు కూడా లేవు.