మా మేనత్త తొక్కని ద్రాక్షలు

మొన్న కళ్ళజోడు మార్పించుకుందామని ఆదోని బజారుకు వెళ్ళి, నా వంతు వచ్చేదాకా అంగడిలోని పత్రికలు తిరగేస్తూ కూర్చుంటే, ఒకదాని అట్టమీద ఎక్కడిదో పరదేశపు ఫోటో కనిపించింది. ఆడవాళ్ళు గౌన్లు మోకాళ్ళదాకా ఎత్తికట్టి, పెద్ద కొయ్యతొట్టిలో నిలబడి ద్రాక్షపళ్ళను కాళ్ళతో తొక్కుతూ నోరారా నవ్వుతున్నారు. ఆ పత్రికను బోర్లించి పెట్టేశాను. ఎందుకంటే అలాంటి అట్టబొమ్మ అరవయ్యేళ్ళ కిందట నేనూ ఒకటి వేశాను. దానివల్ల జరిగింది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరన్నది ఒక కారణం. అసలు కారణం సిగ్గు.

మద్యనిషేధం రోజులు మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. కల్లు అన్నమాట కూడా అటూ ఇటూ చూసి అనేవాళ్ళం. నేను అప్పుడు ఆదోనిలో ఒక పత్తిమిల్లులో బేళ్ళమీద మార్కాలు వేసే పనిలో ఉండేవాణ్ణి. రేకులో అక్షరాలు కోసి, దాన్ని బేలుమీద అదిమిపెట్టి నల్లరంగు రుద్దడం, తీరిక దొరికితే బొగ్గుతో గోడమీద కనిపించినవాళ్ళ మొహాలు దించడం, ఇదీ నా చిత్రకళ. నాకున్న రెండో విద్య కోతలు కోయడం. దుర్బుద్ధితో కాదు, ఉన్నదున్నట్టు చెబితే వినేవాళ్ళకు అన్యాయం చేసినట్టుండేది. ఉగాది పండగకు కైరుప్పలలో జరిగే పిడకల కొట్లాటలో నా తలకు తగిలిన పిడక అక్కణ్ణుంచి ఎగిరి, ఆస్పరి స్టేషన్లో ఆగివున్న రైలెక్కి గుంతకల్లు దాకా పోయిందని చెబితే, మిల్లులో హమాలీలు మూటలు దించి మరీ విన్నారు.

ఎమ్మిగనూరులో పెళ్ళిపత్రికలు వేసుకునే ఒక చిన్న అచ్చుకూటం యజమాని, పుస్తకాల పిచ్చి ముదిరి, నెలనెలా ఒక పత్రిక తెచ్చేవాడు. ఒక్కో నెలా ఒక్కో దేశం గురించి. నా బొగ్గుబొమ్మల సంగతి ఎవరో చెబితే కబురు పెట్టాడు. బస్సు దిగి దుమ్ము దులుపుకుంటూ పోయాను. ఆ నెల ఫ్రాన్సు దేశమట.

“ఆ దేశమంటే ద్రాక్షసారాయే నాయనా. పండగైనా, పెండ్లైనా, పగటి తిండైనా అది లేకుండా జరగదంట. అట్టమీద అదే కనపడాల. అయితే సీసా కనపడకూడదు, గ్లాసు కనపడకూడదు, తాగేవాడు అసలే కనపడకూడదు. పోలీసులొచ్చినారంటే నా మిషను ఎత్తకపోతారు” అన్నాడు.

నీళ్ళు లేకుండా బావి గీయమన్నట్టుంది. ఆయనే, అక్కడ ద్రాక్షపళ్ళను తొట్టిలో పోసి ఊరంతా కలిసి కాళ్ళతో తొక్కుతారని ఏదో పుస్తకంలో చదివింది చెప్పాడు. నిర్ఘాంతపోయాను. తినే వస్తువును కాళ్ళతోనా! కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు లేదు కాబట్టి, ఓ అదా, మా తాత పుదుచ్చేరిలో ఫ్రెంచి దొర దగ్గర వంటచేసేటప్పుడు ఏడేళ్ళు అదేపని చేశాడు, చచ్చేదాకా ఆయన పాదాలు ఎర్రగానే ఉండేవి అన్నాను. మా తాత గుంతకల్లు దాటి ఎరగడు.

ఎండుద్రాక్ష తప్ప పచ్చిపండు నేను చూసింది లేదు. తొక్కడం మాత్రం రోజూ చూసేవాణ్ణి. మా మిల్లులో గింజ తీసిన దూదిని సంచుల్లో కూరడానికి, నేలలో గొయ్యి తీసి, అందులోకి పెద్ద గోనెసంచి వేలాడదీసి, మనిషి లోపలికి దిగి తొక్కేవాడు. అది మగవాళ్ళ పని. ఆ పని చేసే మామ పోయాక ఆ గోతిలోకి మా మేనత్త దిగింది. నడుముకు చెరగు బిగించి, రెండు చేతులా తాడు పట్టుకుని, ఒక్కో అడుగూ వేసి తొక్కుతుంటే దూది నురగలా ఆమె మోకాళ్ళదాకా పొంగేది. నాకు కావలసిన ఫ్రాన్సు ఆ గోతిలో ఉంది.

ద్రాక్షల మాట చెబితే ఒప్పుకోదని తెలుసు. అందుకని, పత్తి తొక్కే బొమ్మ, పత్రికలో వస్తుంది అత్తా అన్నాను.

“నా బొమ్మ ఎవరు చూస్తారప్పా” అంది గానీ, మధ్యాహ్నం గంట కొట్టగానే మొహం కడుక్కుని, కొప్పు ముడేసుకుని వచ్చి నిలబడింది.

ఆమె ఎందుకు ఒప్పుకోదో చెప్పాలి. మాది కూలి చేసుకు బతికే క్రైస్తవుల పేట. నెలకొకసారి గుడిలో ప్రభువు బల్ల జరిగేది, యేసును తలుచుకుని అందరూ రొట్టె తిని ఒకే పాత్రలోని ద్రాక్షరసం తాగేవాళ్ళు. దానికి ద్రాక్షరసం తీసేది మా మేనత్తే. శనివారం ఎండుద్రాక్ష కడిగి నానబెట్టి, చేతులతో పిసికి, తెల్లని పలుచటి గుడ్డలో వడకట్టేది. ఆ రోజు మా పిల్లమూకను గడప తొక్కనిచ్చేది కాదు. మగవాళ్ళ గోతిలోకి దిగిందని వెనక గొణిగేవాళ్ళు కూడా, ఆదివారం పొద్దున ఆమె ఆ గిన్నె పట్టుకుని వస్తుంటే పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. ఆమెకున్న ఆస్తి అల్లా ఆ నాలుగడుగుల దారే.

అచ్చు వేయడానికి చెక్కమీద బొమ్మ చెక్కాను. దూది తీసేసి ద్రాక్షలు పోశాను. గోతి స్థానంలో తొట్టి పెట్టాను. మనిషిని మాత్రం మార్చలేకపోయాను. ఆ ముక్కు, గడ్డం మీది పచ్చబొట్టు అంత బాగా కుదిరాయి. పెళ్ళిపత్రికల ఎర్రరంగు పులిమి అచ్చువేశారు. పంతులు, పోలీసు ఎవరూ తప్పుపట్టలేని అట్ట అని యజమాని పొంగిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, మిషను బడిలో పంతులుగా ఉన్న మా సంఘపెద్ద సంచిలోంచి ఆ పత్రిక తీశాడు. మేనత్త ముందు పట్టాడు. అప్పటికే అది నాలుగిళ్ళు తిరిగి వచ్చిందట.

“ఏమక్కా, ఇన్నేండ్లూ మేం తాగింది ఈ కాళ్ల రసమేనా?”

వెనక ఎవరో ఆవిడ బయటికి పరుగెత్తి కక్కుకున్న చప్పుడు వినబడింది. ఎమ్మిగనూరులో కూర్చుని ఫ్రాన్సు అనుకున్నది మా పేటలో ఎవరికీ ఫ్రాన్సులా కనబడలేదు. వాళ్ళకు కనబడింది మా మేనత్త, ద్రాక్షలు, కాళ్ళు. మేనత్త బొమ్మను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

“మొగం నాదే. కాళ్లూ నావే. ఈ కాయలు మాత్రం నావి కాదన్నా” అంది. నా వైపు చూడలేదు.

లేచి నిలబడ్డాను. ఇదంతా నా కల్పన అనీ, పత్తి అని చెప్పి ఆమెను మోసం చేశాననీ, అది పరదేశపు బొమ్మ అనీ చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంత కల్తీ లేని నిజం చెప్పింది అదే మొదలు. అందరూ నన్ను చూశారు. ఒకాయన నవ్వాడు కూడా.

“కూచోరా. పిడకను రైలెక్కించినోడివి నువ్వు. మీ అత్తను కాపాడుకోవల్లని కోతలు కోస్తాండావు.”

నా కోతలన్నీ చెవులప్పగించి విన్నవాళ్ళే వాళ్ళు! కూర్చున్నాను. ఆరాధన నడిపిన పాదిరి అయ్యగారు ఇబ్బందిగా దగ్గి, వచ్చే బల్లకు రసం వేరే ఎవరైనా చూసుకుంటే బాగుంటుందని అన్నాడు.

“ఈసారికి నేనే చేస్తానయ్యగారూ” అంది మేనత్త. “శనివారం అందరూ రాండి. ఈ గుడి మెట్ల మీదనే చేస్తా.”

అందరూ వచ్చారు. మిల్లులో షిఫ్టు మానుకుని కూడా వచ్చారు. ఆమె మెట్టుమీద కూర్చుని, కాళ్ళు వెనక్కి మడిచి, వేళ్ళు కూడా కనబడకుండా చెరగు కప్పుకుంది. మోచేతులదాకా మూడుసార్లు కడుక్కుంది. నానిన ద్రాక్షను పిసుకుతుంటే, అంతమంది కళ్ళూ ఆ రెండు చేతులమీదే. వడకట్టడం అయ్యాక, పత్రిక తెచ్చిన సంఘపెద్ద తల వంచుకుని, తప్పయిపోయిందక్కా అన్నాడు.

ఆమె గిన్నెమీద గుడ్డ కప్పి, తీసుకుపోయి సంఘపెద్ద భార్య చేతిలో పెట్టింది.

“ఇంగ ఈ పని మీ ఇంట్లోనే పెట్టుకో వదినా. వడకట్టే గుడ్డ ఉతికి తెచ్చిస్తా.”

“అదేం మాటక్కా! తప్పయిందని చెప్పినాం గదా?” అన్నాడు సంఘపెద్ద.

“చెప్పినారప్పా. నా చేతులు ఎట్లాటివో చూసినారు గదా, సాలు. చూపిచ్చుకుంటే గానీ నమ్మని పని నాకొద్దు.”

గెలిచిన మనిషి అలా గిన్నె ఇచ్చేసి దిగిపోయింది. నాకైతే, తిట్టి కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

ఆ తరువాత కొన్ని నెలలు మిల్లులో ఆమె గోతి దగ్గరికి పోకుండా చుట్టుదారిన తిరిగాను. ఒకరోజు తప్పించుకోలేకపోయాను. గట్టుమీద కూర్చుని, పాదాలకు అంటుకున్న దూది దులుపుకుంటోంది. ఇప్పుడు పడుతుంది చీవాట్ల వాన అనుకుని నిలబడ్డాను.

“ఏమైనా కాళ్లు మాత్రం బాగా దించినావు అల్లుడా” అంది.

అంతే. ఆ ఒక్క మాటకే నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ గోతుల్ని తరువాత పూడ్చేశారు. దూది తొక్కడానికి యంత్రాలు వచ్చాయి. రసానికి ఎవరి చేతులూ అక్కరలేదు, సీసాలో దొరుకుతుంది. అట్టమీద ఎలాంటి బొమ్మ వేసినా ఇప్పుడు ఎవరూ పరుగెత్తుకుపోయి కక్కుకోరు. ఒక చెక్కదిమ్మ అచ్చును చూసి కడుపులో తిప్పేంతగా నమ్మే అమాయకత్వం పోయింది, మంచిదే అనుకుంటాను. అయితే, ఒకరి చేతిని నమ్మి కళ్ళుమూసుకుని తాగే అలవాటు కూడా దాంతోపాటే పోయిందేమోనని అప్పుడప్పుడూ దిగులేస్తుంది.

మా మేనత్త ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. ప్రతి బల్లకూ వచ్చి వెనక వరుసలో కూర్చునేది. తన వంతు రాగానే తాగి పాత్ర పక్కవాళ్ళకు అందించేది. అందులోని రసం ఎవరు తీశారని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.