సంతకొక పొట్లం

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. డైరీకి కూడా సగమే చెప్పాను. ఒక్క వాక్యంతో నేనొక పిల్లను ఆసుపత్రి మంచమెక్కించాను. తిట్లు మాత్రం ఆ పిల్ల తల్లి తింది.

అరకు కొండల్లో నర్సుగా చేరిన మొదటి ఏడాది అది. బడిపిల్లలకు రక్తపరీక్షలు చేస్తే, అందరికంటే బొద్దుగా, మేకపిల్లలా గెంతే రాధికకే విటమిన్ డి బాగా తక్కువని తేలింది. వాళ్లమ్మ సొమారి నమ్మలేదు.

"కొండెక్కే గుంటకి రోగమేటి సిస్టరమ్మా? మా కొండ మీద ఎండ నేదా?"

"ఉందమ్మా. కానీ పొద్దుటి మంచు విడి ఎండొచ్చేసరికి నీ కూతురు బడి గదిలో ఉంటోంది."

అంత మాట్లాడటమే నాకు గొప్ప. నా గొంతు ఇక్కడి ఫోన్ సిగ్నల్ లాంటిది. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

డాక్టరు గారు ఎనిమిది పొట్లాల పొడి ఇచ్చి, వారానికొకటి పాలలో కలిపి తాగించమని చెప్పమన్నారు. ఆ ముక్క ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. పుస్తకాలు నమిలిన బుర్ర ఊరుకుంటుందా? కొండ మీద వారాన్ని సంతతో లెక్కపెడతారని ఎక్కడో చదివాను. అద్దం ముందు పదిసార్లు అప్పజెప్పుకుని వెళ్లి, "సంతకొక పొట్లం, మర్చిపోకు" అన్నాను.

సొమారి వెంటనే తలూపింది. ఆ రోజు డైరీలో 'జనం భాషలో మాట్లాడాను' అని రాసి కింద రెండు గీతలు గీశాను. చూడండి నా పొగరు!

మూడో వారం ముగియకుండానే సొమారి మళ్లీ వచ్చింది.

"పొట్లాలయిపోనాయి. బేగి ఇంకో ఎనిమిది ఇయ్యి."

"అప్పుడేనా! ఎలా వేశావు?"

"నువ్వు సెప్పినట్టే, సంతకొకటి. సోమారం మా సంత, బుదారం గెడ్డ నీళ్లు దాటితే అవతల సంత, శనారం పెద్ద సంత. పసుపు, పిప్పళ్లు మూడు సోట్లా అమ్ముతాను గదా. ఒక్క సంతా మాన్నేదు!"

నా కింద కొండ కదిలింది.

"రాధిక ఎలా ఉంది?"

"కూడు తిననంటంది. కక్కుతంది. నీళ్లు మాత్తరం కుండలు కుండలు తాగుతంది."

గంటలో రాధికను తీసుకుని ఆసుపత్రిలో ఉన్నాం. సెలైన్ ఎక్కిస్తూనే డాక్టరు గారు సొమారి మీద విరుచుకుపడ్డారు.

"వారానికొకటని చెబితే వినబడలేదా? పిల్లని చంపుకుంటావా?"

సొమారి నా వైపు చూసింది. నేను నేల మీద బండలు లెక్కపెట్టాను. పదహారు. మళ్లీ లెక్కపెట్టాను. పదహారే.

మూడో రోజుకి రాధిక ఇడ్లీ కావాలని గొడవ చేసింది. రక్తపరీక్ష చూసి, గండం గడిచిందన్నారు డాక్టరు గారు.

ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఒంట్లో ఊపిరుండగా మందుల విషయంలో సొంత కవిత్వం చెప్పను. డాక్టరు గారు ఇది చదివితే చదవనివ్వండి.

రాధికను ఇంటికి తీసుకెళ్లే రోజు జీపెక్కబోతూ సొమారి నన్ను పక్కకి పిలిచింది. క్షమాపణకి నోరు తెరిచేలోపే చెయ్యడ్డం పెట్టింది.

"నానప్పుడు నోరిప్పితే నీ ఉజ్జోగం పోయేది. ఈ కొండకి ఇంకెవులొత్తారు? ఇంకోపాలి ఏదైనా సెప్పేముందు, నాను ఏ దినం ఏటి సేత్తానో అడుగు. తర్వాత సెప్పు."