ఆర్విడ్ హోగెన్ చంపిన తూటాలు

ఆర్విడ్ హోగెన్ గారిది ఒకటే జబ్బు. ఆయన చేతిలో పడ్డ తూటా ఏదీ బతకదు. అపార్థం చేసుకోకండి, తూటాతో ఆయన ఎవరినీ చంపడు. ఇంట్లో దూరిన ఎలుకని కూడా గిన్నె బోర్లించి పట్టుకుని పొలంలో వదిలి వచ్చే మనిషి. చచ్చేవి తూటాలే. ఒక రకం కొంటాడు, నాలుగు వారాలు కాలుస్తాడు, అది పనికిరాదని తేల్చి నేను నడిపే దాణా కొట్టుకి వచ్చి చావు కబురు చెబుతాడు.

మా హార్లన్ క్రీక్ ఊళ్ళో ఆదివారం చర్చి అయ్యాక ఆడా మగా అందరం గుట్ట వెనక మైదానంలో చేరి ఇనప జంతు బొమ్మల్ని పిస్తోలుతో కాలుస్తాం. దగ్గర్లో వరసగా కోళ్ళు, ఆ వెనక పందులు, తర్వాత టర్కీ కోళ్ళు, చిట్టచివర రెండు వందల మీటర్ల అవతల పొట్టేళ్ళు. మొదటి మూడూ మంచివే. మా ఉసురు తీసేది పొట్టేలు. దానికి గుండు తగిలితే చాలదు, అది కింద పడాలి. తగిలి, టంగుమని మోగి, అలాగే నిలబడిందా, తగలనట్టే లెక్క.

తూటాలు ఎవరివి వాళ్ళమే నింపుకుంటాం. పేలిన ఇత్తడి తొడుగుల్ని ఏరుకొచ్చి, మందు తూచి పోసి, పైన కొత్త గుండు బిగిస్తాం. అందుకే ఏ తూటా ఎంచుకోవాలన్నది మాకు పెళ్ళి సంబంధమంత పని. ఒకసారి కుదిరాక అచ్చులూ తొడుగులూ గుండ్లూ అన్నీ దానివే అవుతాయి కనక, నచ్చినా నచ్చకపోయినా దాంతోనే కాపురం చేస్తాం. ఆర్విడ్ గారు మాత్రం రైల్వేలో రిటైరైన చలికాలం నుంచి ఒక్కదాంతోనూ కాపురం చెయ్యలేదు.

“అయిపోయిందమ్మాయ్. నలభై నాలుగు మాగ్నం తూటా పోయింది,” అన్నాడు మొదటిసారి, టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని.

“అదేంటి పెద్దాయనా, ఇన్నేళ్ళూ దాంతోనేగా కాల్చారు?”

“గాడిదలా తంతుంది. మనుషులు పట్టుకునేదేనా అది?”

తర్వాత దానికంటే చిన్న రకం, మూడు యాభై ఏడు, పోయింది. “అది తన్నదుగా?” అన్నాను. “తన్నదు. పొట్టేల్నీ తన్నదు. గుండు తగిలితే ఈగ వాలిందనుకుంటోంది అది. లోకంలో మంచి తూటా లేదమ్మాయ్. ఉంటే ఈపాటికి దొరకదూ?” అని, దాణా బస్తా మీద కూలబడ్డాడు. ఆ తర్వాత నలభై ఒకటి పోయింది. ఆపైన జింకల తుపాకీ తూటాని పిస్తోల్లో పెట్టే గొట్టం ఒకటి తెప్పించాడు. ఆ మోతకి వాళ్ళ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఆయన భార్య బెర్నీస్ గారు ఊరంతా చెప్పుకుంది. అదీ పోయింది.

ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకసారి మా కొట్లో ఈ ఏడుపు సగం విని, ఎవరో దగ్గరివాళ్ళు పోయారనుకుని, కోడిమాంసం నూడుల్స్ వండించి గిన్నెతో సహా హోగెన్ వాళ్ళింటికి వెళ్ళాడు. బెర్నీస్ గారు గిన్నె అందుకుని, “లోపలికి రండి. మా ఆయన వచ్చే నెల ఇంకోదాన్ని చంపుతాడు, అప్పుడూ ఇలాగే తేవాలి,” అందట.

జనం నవ్వుకునేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ చలికాలమే మా గుర్రం నన్ను కంచె గేటుకేసి కొట్టింది. కుడి మణికట్టు విరిగితే లోపల ఇనప పలక పెట్టి కుట్టారు. అంతకుముందు మా క్లబ్బులో పొట్టేళ్ళని నా అంతగా పడగొట్టిన వాళ్ళు లేరు. కట్టు విప్పాక నా నలభై నాలుగుతో ఒక్కసారి పేల్చాను, పిస్తోలు చేతిలోంచి జారి మట్టిలో పడింది. పోటీలు నడిపే క్లైడ్ దాన్ని తీసి, తుడిచి, నా చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి మైదానం వైపు వెళ్ళలేదు. ఆదివారాలు కొట్లో కూర్చుని దూరంగా వినిపించే టంగుటంగులు వింటూ ఉండేదాన్ని. అది ఏడవడం కంటే కష్టంగా ఉండేది.

అలాంటి నా దగ్గరికి వచ్చి ఈ పెద్దమనిషి తూటాల చావు గురించి ఏడుస్తాడా! పైగా కొత్తది వచ్చినప్పుడల్లా కొట్టు వెనక కంకర గుంటలోకి లాక్కుపోయేవాడు.

“ఒక్కటి పేల్చు అమ్మాయ్.”

“నేను మానేశాను పెద్దాయనా.”

“మానేసినవాళ్ళే నిజం చెబుతారు. కాల్చేవాళ్ళందరూ వాళ్ళ తూటానే వెనకేసుకొస్తారు.”

ఒకటి పేల్చేదాన్ని. గుండు ఎక్కడ తగిలిందో అడిగేవాడు కాదు. “ఎక్కడ నొప్పి? మణికట్టులోనా, మోచేతిలోనా? ఇప్పుడా, ఆగి వచ్చిందా?” అని డాక్టరులా గుచ్చిగుచ్చి అడిగేవాడు. నేను మొహం చిట్లిస్తే చాలు, “పోయింది. ఇదీ పోయింది,” అని టోపీ తీసేసేవాడు. ముసలాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాను. మొన్న వసంతంలో ఒకసారి విసుగెత్తి, “ఇంక నా దగ్గరికి తేవద్దు. నా చేతికీ ఆ పొట్టేలుకీ ఈ జన్మకి తెగిపోయింది,” అని అరిచేశాను. ఆయన తల వంచుకుని, “తెగిపోయిందనే నేనూ అనుకుంటున్నాను,” అని వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అలా ఒప్పుకునే మనిషి కాదు. నాకు ఇంకా నీరసం వచ్చింది.

ఆగస్టులో మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. చేతిలో మధ్యకి విరిచి ఒక్కో తూటా పెట్టుకునే పొడుగాటి పిస్తోలు, జేబులో వింత తూటాలు. సన్నపాటి రైఫిలు తూటా తొడుగు తీసుకుని, దాని మెడ వెడల్పు చేసి ఏడు మిల్లీమీటర్ల గుండు బిగించాడట.

“పనికిరాదని నాకు ముందే తెలుసు. అయినా ఒకటి పేల్చు, దీన్నీ పాతిపెట్టేద్దాం.”

పేల్చాను. చెయ్యి కాస్త లేచి దిగింది, అంతే. ఇంకోటి అడిగి పేల్చాను. ఎక్కడ నొప్పో వెతుక్కున్నాను, దొరకలేదు.

ఆర్విడ్ గారు టోపీ తియ్యలేదు. గబగబా వెళ్ళి తన ట్రక్కులో కూర్చుని చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. అడిగితే దుమ్ము అన్నాడు.

ఆ ఆదివారం నన్ను మైదానానికి లాక్కెళ్ళాడు. వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు ఎత్తి, గొట్టాన్ని కాలికి ఆనించి కాల్చాలి మేము. క్లైడ్‌కి అలా పడుకోవడం వచ్చుగానీ, లేపడానికి ఇద్దరు కావాలి. నేను పడుకున్నాను. వెనక దుర్భిణి పట్టుకుని ఆర్విడ్ గారు కూర్చున్నాడు. కోళ్ళూ పందులూ సరే, పొట్టేళ్ళు వచ్చేసరికి అరచెయ్యి బట్టలకి తుడుచుకున్నాను.

పేల్చాను. టంగ్. పొట్టేలు కదల్లేదు.

“చూశారా? చెప్పానా తెగిపోయిందని?”

“నోర్ముయ్యవే అమ్మాయ్! పొట్టకి కొట్టావు. ఇది చిన్న తూటా, పొట్టలో గుద్దితే దానికేం లెక్క? వీపు మీద తొయ్యి.”

“అది పడదు పెద్దాయనా.”

“పడదనే నేనూ అంటున్నాను. అయినా వీపు మీద తొయ్యి.”

పక్కదాని వీపుకి గురి పెట్టాను. టంగ్. పొట్టేలు వెనక్కి వాలింది, ఊగింది, పడాలా వద్దా అని ఆలోచించింది. తర్వాత వెల్లకిలా పడింది. నేనూ వెల్లకిలానే ఉన్నాను కనక కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి పోయాయి. ఎవరో ఈల వేశారు.

నా తర్వాత ఆర్విడ్ గారి వంతు. ఆయన ట్రక్కు సీటు కిందినుంచి పాత చెక్కపెట్టె తీశాడు. అందులో చేతి చెమటకి పిడి నల్లబడ్డ ఆయన నలభై నాలుగు ఉంది. గొట్టం నూనెతో మెరుస్తోంది.

“అది చచ్చిపోయిందన్నారుగా!” అన్నాను.

“నీ చేతికి చచ్చింది. నా చేతికేం, దివ్యంగా ఉంది,” అని పడుకుని, ఇనప మందని ఒకదాని తర్వాత ఒకటి పడగొట్టేశాడు.

నేను బెర్నీస్ గారి వైపు తిరిగాను. ఆవిడ మడత కుర్చీలో కూర్చుని స్వెటరు అల్లుకుంటోంది. “మైదానంలో ఆయన అదొక్కటి తప్ప ఇంకోటి కాల్చనేలేదమ్మా ఎప్పుడూ,” అంది తలెత్తకుండా. “ఊరికే సాయం చేస్తానంటే నువ్వు తరిమేస్తావని, ఏడుస్తూ వచ్చేవాడు. ఏడుపు ఆయనకి ఎలాగూ వచ్చిన విద్యేగా.”

ఆయనకి కృతజ్ఞతలు చెబుదామని మర్నాడు ఓవెన్‌లో ఆపిల్ పై చేసి పెట్టుకున్నాను. నేను వెళ్ళేలోపే ఆయనే కొట్టుకి వచ్చి, టోపీ తీసి, దాణా బస్తా మీద కూలబడ్డాడు.

“అయిపోయిందమ్మాయ్.”

“ఏడు మిల్లీమీటర్లదా?” అన్నాను.

“అది కాదు. క్లైడ్ ఇంక నడుం వంచి పడుకోలేనంటున్నాడు. నిలబడి కాల్చాలట. నిలబడి పొట్టేల్ని పడగొట్టే తూటా లోకంలో ఉందా? లేదు. ఉండబోదు. నాకు తెలుసు.”

నేను ఆపిల్ పై ఒక ముక్క కోసి ఆయన ముందు పెట్టాను. కొట్టు తలుపుకి తాళం వేసి, కంకర గుంట గేటు తాళంచెవి తీసుకున్నాను.

“ఆ క్లైడ్‌ని కేకెయ్యండి. ముందు ఎక్కడ నొప్పో అడుగుదాం.”