పని ఉందని రాయించిన బాబాయి

మా బాబాయి ఉద్యోగం మొదటిసారి మాంద్యం వల్ల పోయింది. రెండోసారి నా వల్ల పోయింది. మాంద్యాన్ని ఊరంతా తిట్టింది. నన్ను ఒక్కరూ తిట్టలేదు, అదీ నా ఖర్మ.

బాబాయి నూలు మిల్లులో ఇరవై ఆరేళ్ళు ఫిట్టరు. స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "మూడోదాని బేరింగు పోతోంది, రేపు ఆపండి" అనేవాడు. మేనేజరు ఆపేవాడు కాదు. ఎల్లుండికి అదే ఆగేది. మా నాన్న పోయిన ఏడాది నన్ను ప్యాకింగులో పెట్టించింది కూడా ఆయనే. "పదిమందిని చేతికింద పెట్టినా మా అమ్మాయి నెగ్గుకొస్తుంది, దాని నోరలాంటిది" అన్నాడట మేనేజరుతో. పొగిడాడో తిట్టాడో నాకిప్పటికీ తెలీదు.

మాంద్యం వచ్చాక ముందు ఒక షిఫ్టు తీసేశారు. తర్వాత వారానికి మూడు రోజులే పనన్నారు. ఒక సోమవారం మేం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. కుర్రాళ్ళు మూటలు మోసే పనుల్లో పడ్డారు, ఆడవాళ్ళు ఇంటి దగ్గర చొక్కాలకి బొత్తాలు కుట్టే పనుల్లో పడ్డారు. యాభై దాటిన ఫిట్టరుని ఎవరు తీసుకుంటారు? బాబాయి ఎక్కని గుమ్మం లేదు. చివరికి ఇంటి ముందు బల్ల వేసుకుని వీధిలోవాళ్ళ ఫ్యాన్లూ, పంపు మోటార్లూ బాగుచేయడం మొదలుపెట్టాడు. అదీ ఊరికే!

"ఇరుగుపొరుగు దగ్గర చెయ్యి చాపుతానా?" అనేవాడు.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకి సంపెంగ నూనె" అని పిన్ని లోపల్నించే అంటించేది.

రెండేళ్ళయ్యాక, పరిస్థితి కుదుటపడుతోందని పేపర్లో రాశారు. ఎంత కుదుటపడిందో తేల్చడానికి ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చే మనుషులు కావాలన్నారు. మూడు నెలల పని. నాకు దొరికింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, పని లేని మొగుడు. సిగ్గు లేకుండా ఆ రోజు నడివీధిలోనే ఏడ్చేశాను. చేరిన రోజునే ఆఫీసరు ఖండితంగా చెప్పాడు: "అనుమానం వస్తే గుచ్చి గుచ్చి అడగండి. అబద్ధమని తెలిసీ రాశారా, ఆ పూటే ఇంటికి."

నేను బాబాయి ఇంటికి వెళ్ళేసరికి బల్ల చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఎదురింటివాళ్ళ మోటారు విప్పి ఉంది.

"పోయిన వారంలో డబ్బుకోసం ఒక్క గంటైనా పని చేశావా బాబాయ్?"

"గంటేమిటే! పొద్దుగూకేదాకా చేస్తూనే ఉన్నా. కళ్ళు కనపడట్లేదూ?"

"డబ్బు తీసుకుని చేశావా అని అడుగుతున్నా."

అందరూ ఆయన్నే చూశారు. అందరూ ఆయనచేత ఊరికే చేయించుకున్నవాళ్ళే. బాబాయి మొహం కందిపోయింది.

"తీసుకోకుండా చేస్తానా? రాయి, సొంత వర్క్‌షాపని రాయి."

"బాబాయ్..."

"రాయవే! ఇరవై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసినవాడు ఖాళీగా కూర్చున్నాడని నీ చేత్తో రాస్తావా?"

అక్కడున్నవాళ్ళలో ఒక్కడు "మా దగ్గర తీసుకోలేదమ్మా" అంటే సరిపోయేది. అలా అంటే ఇప్పుడు డబ్బివ్వాల్సి వస్తుందనుకున్నారేమో, ఒక్కడూ పెదవి కదపలేదు. నేనైనా ఆయన్ని లోపలికి పిలిచి అడగాల్సింది. ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి, ఎండ మాడ్చేస్తోంది, ఆయన పంతం చూసి నాకూ ఒళ్ళు మండింది. "సరే, నీ ఇష్టం" అని టిక్కు కొట్టి సంతకం పెట్టించాను. ఆ నెల పేపర్లో మా ప్రాంతంలో ఉపాధి పెరిగిందని వేశారు. పెరగదూ మరి!

ఇంకో నెలకి, మిల్లుని ఎవరో కొన్నారనీ, మళ్ళీ తెరుస్తున్నారనీ తెలిసింది. మేం రాసిన జాబితాలో పని లేనివాళ్ళుగా ఉన్నవాళ్ళనే తీసుకోవాలని ప్రభుత్వం షరతు పెట్టిందట. ఫిట్టర్లు నలుగురు కావాలట. ఆ సాయంత్రమే బాబాయి మా ఇంటికొచ్చాడు. రమ్మన్నా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఆ రోజు గొప్పకి పోయానే అమ్మాయ్. నువ్వు ఆపబోయినా వినలేదు. రేపు నాతో ఆఫీసుకొస్తావా?"

ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

ఆఫీసరు ఫారం తీశాడు. "సొంత వర్క్‌షాపని ఉంది. సంతకం మీదేగా?"

"నాదే సార్. కానీ అది నిజం కాదు. నేనెవరి దగ్గరా పైసా తీసుకోలేదు."

"మిల్లు తెరుస్తున్నారనగానే అందరూ ఇదే పాట. ఫారం రాసినవాళ్ళు తప్పని ఒప్పుకుంటేనే మారుస్తాను." ఫారం కింద నా పేరు చూసి నావైపు తిరిగాడు. "ఏమ్మా, ఈయన చెప్పింది అబద్ధమని రాసేటప్పుడే నీకు తెలుసా?"

తెలుసు అంటే ఆయన పేరు జాబితాలోకి ఎక్కుతుంది. నేను ఇంటికి పోతాను. నోరు, నోరని ఊరంతా చెప్పుకునే నా నోరు పిడచగట్టుకుపోయింది. బాబాయి నా మొహంలోకి చూశాడు.

"దానికేం తెలుసు సార్, పాపం. నేను చెప్పిందే రాసింది" అన్నాడు.

"నిజమేనా అమ్మా?"

"నిజమే సార్" అన్నాను.

బయటికొచ్చాక, పిల్లలు బళ్ళోంచి వచ్చే వేళయింది, త్వరగా ఇంటికి వెళ్ళమన్నాడు. మిల్లు తెరిచారు. నలుగురు ఫిట్టర్లలో ఇద్దరు బాబాయి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. నాకు ఇంకో మూడు నెలలు పొడిగించారు.