బేలగ్ పాదాల కింద వాలు

మోకాళ్లు అరిగిపోయేదాకా ఓయ్‌రిక్ ఇంటి వెనక రేకుల షెడ్డులో మగ్గం మీద ట్వీడ్ ఉన్ని బట్ట నేసింది. మగ్గం దిగాక లూయిస్ దీవి బీళ్లలో రాళ్లకీ, ఊటలకీ, వాగులకీ ఉన్న గేలిక్ పేర్లు, వాటి అర్థాలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. మొదట అది కాలక్షేపమే. తూర్పు వాలు మీద గాలిమరలు పెడతామంటూ ఒక కంపెనీ వచ్చాక పోరాటమైంది. వాళ్లు ఊరంతా పంచిన మ్యాపులో ఆ వాలు తెల్లగా ఉంది. కింద 'వాడుకలో లేని ఖాళీ నేల' అని రాశారు. ఖాళీ అని రాసేస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు కదా.

శుక్రవారం ఊరి సభలో వాలు ఇవ్వాలా వద్దా తేలుస్తారు. అది ఖాళీ కాదని చూపాలంటే ఆలోగా అక్కడి పేర్లు కావాలి. అవి తెలిసిన మనిషి బేలగ్ ఒక్కతే మిగిలింది. పెళ్లయ్యేదాకా ప్రతి వేసవీ ఆవుల్ని తోలుకుని ఆ వాలు మీది గుడిసెలకు వెళ్లిన మనిషి. ఇప్పుడామెకు చూపు లేదు.

బేలగ్ వంటింట్లో ఓయ్‌రిక్ రికార్డరు నొక్కింది.

"పెద్దమ్మా, నల్లచెరువు దాటాక ఎడం పక్క దిబ్బని ఏమనేవాళ్లు?"

"ఏ దిబ్బే? ఎటు నుంచి వస్తున్నాం? ఆవులేవీ?" బేలగ్ టీ చప్పరించింది. "ఇట్లా మధ్యలోంచి లాగితే ఎవత్తి చెబుతుంది?"

మర్నాడు బేలగ్ మేనల్లుడు ఊష్‌జన్ ఆమెను బీడుకి తీసుకెళ్లడానికి ట్రాక్టరు తొట్టిలో వంటింటి కుర్చీని తాళ్లతో కట్టాడు.

"అత్తా, పడితే నామీద కేసు పెట్టకు."

"పడితే నీమీదే పడతాలే, మెత్తగా ఉంటావు."

బీడు గేటు దగ్గర బేలగ్ ఇంజను ఆపించింది. తన బూట్లు విప్పమంది. ఆడపిల్లలు అక్కడికి ఎప్పుడూ వట్టికాళ్లతోనే వెళ్లేవారట. తడి నాచు మీద పాదం మోపి కాసేపు నిలబడింది. తర్వాత ఓయ్‌రిక్ భుజం పట్టుకుని నడక అందుకుంది. దాంతో పేర్లు వాటంతటవే రాసాగాయి.

"క్లాఖ్ నా బనరఖ్. పాలమ్మాయి రాయి. చెయ్యి చాపు."

ఓయ్‌రిక్ హెదర్ పొదలోకి చెయ్యి పెట్టింది. కూర్చుని కూర్చుని నున్నబడిన రాయి చల్లగా తగిలింది. ఏళ్లుగా ఆ దారినే పోతున్నా ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు లేగ మునిగిన ఊట. వినబడట్లా?"

వినబడలేదు. ఇంకాస్త నడిచాక నాచు కింద నీళ్లు గుడగుడలాడాయి. ఊష్‌జన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడుపు మలుపు వచ్చింది. తొలిసారి వెళ్లే పిల్లలకు ఇంటి పొగ కనబడకుండా పోయేది అక్కడే. ముసలామె అక్కడ ఆగి వెనక్కి తిరిగింది, ఏదో కనబడుతున్నట్టే.

చివరికి ఒక వాగు దగ్గర ఆగిపోయింది.

"ఇంక పద, ఇంటికి."

"ఇంకా సగం వాలుంది పెద్దమ్మా."

"అవతల గ్రేనవల్ వాళ్ల మేత. ఆ పేర్లు వాళ్లవి."

"ఆ ఊరే లేదు కదా. ఈ నేలంతా తనదన్న దొర ఎప్పుడో వాళ్లందర్నీ ఓడెక్కించి వెళ్లగొట్టాడు."

"అవును. అలాగని వాళ్ల పేర్లు నన్ను పుట్టించమంటావా?"

ఓయ్‌రిక్ మెళ్లో వేలాడుతున్న రికార్డరు ఆపింది.

శుక్రవారం సభలో టేపు వేసింది. నాచులో పాదాల చప్పుడు, ఒక పేరు, మళ్లీ పాదాల చప్పుడు. వాగు దగ్గర బేలగ్ చివరి మాట వినబడ్డాక టేపు ఆగింది. అప్పుడు ఓయ్‌రిక్ గ్రేనవల్ జనాన్ని ఎలా తరిమేశారో నాలుగు మాటల్లో చెప్పి కూర్చుంది.

కంపెనీకి వాలు ఇవ్వబోమని చేతులు లేచాయి. వాగుకి ఇటు పేర్లున్న సగానికీ, అటు పేర్లు చెప్పేవాళ్లు మిగలని సగానికీ.