లాజరస్ కాంగో ప్రసంగం

ఐర్లండులోని అత్లోన్ పట్టణ చరిత్ర రాసేవారు షానన్ నదినీ, దాని ఒడ్డున ఉన్న కోటనూ తలుచుకుని లాజరస్ ‘సారీ’ని వదిలేయడం క్షమించరాని లోపం. ఆయన ఏ మాటకైనా ముందు సారీ అంటాడు. ఈ ఆచారం తెనాలి హాస్టలు వార్డెను హయాంలో మొదలైందని ఒక వాదం, డబ్లిన్ విమానాశ్రయంలో పాస్‌పోర్టు అందించినప్పుడని మరొకటి. ఇక్కడివాళ్ళు కూడా సారీతోనే నోరు తెరుస్తారు గనుక ఈ మహత్తర విషయం ఎవరి కంటా పడలేదు.

ఆయన ఒక వృద్ధాశ్రమంలో కేరర్. ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, తినిపించి, పడుకోబెట్టే పని. మేనేజరు మోయిరా సంతకం పెడితేనే ఆయన వర్క్ పర్మిట్ కొనసాగుతుంది. ఉన్నది నెలాఖరుకు అయిపోతుంది. సరిగ్గా అప్పుడే, అక్టోబరులో జరిపే నల్లజాతి చరిత్ర మాసానికి ఎవరైనా మాట్లాడాలని మోయిరా అడిగింది. తెలుగు ప్రార్థన కూటంలో, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం బాగా చెప్తాడని పేరున్న లాజరస్‌ను అందరూ కలిసి ముందుకు తోశారు.

ఆయన జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్‌ను ఎంచుకున్నాడు. విలియమ్స్ అమెరికా నల్లవాడు. బెల్జియం రాజు మాటలు నమ్మి 1890లో కాంగో వెళ్ళాడు. అక్కడ జిన్ను పెట్టెలిచ్చి ఊళ్ళకు ఊళ్ళు రాయించుకోవడం, చిన్న తప్పుకే మనుషులను గొలుసులకు కట్టడం చూసి, ఆ రాజుకే బహిరంగ లేఖ రాశాడు. అందులో సారీ లేకపోవడం లాజరస్‌ను చాలా కలవరపెట్టింది.

“ఆ రాజు పోయి నూరేళ్ళు దాటింది. మీకిప్పుడు ఆయనతో పేచీ ఏంటండీ?” అంది భార్య లీలారాణి.

“సారీ, రాజుతో కాదే. మోయిరా తన్నే అన్నానని అనుకుంటుందేమోనని.”

“సంతకమయ్యేదాకా నోరు కుట్టేసుకోండి.”

“ప్రసంగం చెప్పమన్నారు గదా.”

“కుట్టుకునే చెప్పండి.”

“యూల్ బి గ్రాండ్, డాడీ,” ఏం కాదులే అని ఇక్కడి యాసలో అంది కూతురు ఎవాంజెలిన్, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆ రోజు హాల్లో చక్రాల కుర్చీల వాళ్ళు ముందు, సిబ్బంది వెనక, తలుపు దగ్గర మోయిరా. రాజు దాకా ప్రసంగం సాఫీగా నడిచింది. అయితే కూటంలో సాక్ష్యానికి ఒక కట్టుబాటుంది: ఎవరి కథతో మొదలుపెట్టినా చివరికి తన కథకు రావాలి. నోరు ఆ దారికి అలవాటు పడి ఉంది. సారీ కూడా లేకుండా “నా విషయంలో కూడా...” అనేశాడు. అన్నాక ఆగలేదు. ఇంటర్వ్యూలో ఇస్తామని చెప్పి ఇవ్వని ఆదివారం సెలవు, ఎప్పుడూ దొరకని భోజన విరామం, ఎవరు రాకపోయినా తన మీదే పడే రెండో షిఫ్టు. ముందు వరుసలో ఒక పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మోయిరా రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆ శని, ఆదివారాలు ఇంట్లో ముద్ద ఎవరికీ దిగలేదు. లీలారాణి వంటింటి అలమరలోంచి పాస్‌పోర్టులు తీసి బల్ల మీద పెట్టింది.

సోమవారం మోయిరా పిలిపించింది.

“కూర్చో లాజరస్. ఆ మైకు పనిచెయ్యలేదు, ఏమీ అనుకోకు, వెనకున్న మాకు ఒక్క ముక్కా వినపడలేదు. బాగా మాట్లాడావని మాత్రం అందరూ అన్నారు. నీ కాగితాల మీద సంతకం పెట్టేశాను. ఇంతకీ చివర్లో అంత ఆవేశంగా ఏం చెప్పావు?”



“సారీ, కాంగో గురించి,” అన్నాడు లాజరస్.

వచ్చే ఆదివారం డ్యూటీకి ఇంకెవరూ దొరకలేదని మోయిరా చెప్పింది.